కాలిపోయినదే కారణమా?

మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు గదిలో చల్లదనం తగ్గుతుంది. డాబా మీదికెళ్లి చూస్తే ఏసీ ఔట్‌డోర్ యూనిట్‌లో ఫ్యాన్ ఆగి ఉంటుంది, కంప్రెసర్ మాత్రం గుర్రుమంటూ ఉంటుంది. కాసేపటికి అదీ ఆగుతుంది. ఓ అరగంట పోయాక, ఎవరూ ఏమీ చేయకుండానే ఫ్యాన్ మళ్లీ తిరుగుతుంది. పావుగంట తిరిగి మళ్లీ ఆగుతుంది. మెకానిక్ వచ్చి మోటారు మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనగానే వెనక్కి లాక్కుని, తీర్పు చెబుతాడు: ‘మోటారు పోయిందండీ, మార్చాలి.’ ఆ తీర్పు వెనక ఒక తర్కం ఉంది. వేడెక్కింది మోటారు, కాబట్టి దోషం మోటారుదే. ఇదే తర్కం ఇంకో వేషంలో మన ఇళ్లలో తరతరాలుగా తిరుగుతోంది. చిన్న వయసులోనే జబ్బున పడ్డ మనిషిని చూసి ‘ఏ జన్మలో ఏం పాపం చేసుకున్నాడో’ అంటాం. బిడ్డ పోయిన తల్లిని చూసి ‘ఆవిడ కర్మ’ అంటాం. ‘చేసుకున్నవారికి చేసుకున్నంత’ అని సామెత కూడా సిద్ధంగా ఉంచుకున్నాం. బాధ ఎక్కడ కనిపిస్తే తప్పు కూడా అక్కడే ఉందని తేల్చేయడం రెండు చోట్లా ఒక్కటే. ఈ అనుమానం (తార్కికుల మాటలో ఊహించి తేల్చడం) చెల్లదన్నదే నా వాదన. చెల్లదని చెప్పడానికి పరాయి శాస్త్రం అక్కర్లేదు, కారణం అనే మాటకు మన తార్కికులు పెట్టిన షరతులే చాలు. వాళ్లు వాడిన కుండా కుమ్మరీ ఉదాహరణలు చాలా అరిగిపోయాయి గనక, డాబా మీది మోటారునే సాక్షిగా పిలుస్తున్నాను.

ముందు యంత్రాన్ని యంత్రంగా చూద్దాం. ఇన్వర్టర్ కాని మామూలు స్ప్లిట్ ఏసీలో ఈ ఫ్యాన్ మోటారుకు రెండు వైండింగులు ఉంటాయి. దానికి అందేది సింగిల్ ఫేజ్ కరెంటు. అది ఒక్క వైండింగ్‌లోంచి పోతే అయస్కాంత క్షేత్రం ఊయలలా ముందుకీ వెనక్కీ ఊగుతుందే గాని గుండ్రంగా తిరగదు. తిరగాలంటే రెండో వైండింగ్‌లో కరెంటు మొదటిదానికంటే కాస్త ముందుగా నడవాలి. ఆ తేడాను తెచ్చేది కెపాసిటర్. ఫ్యాన్‌కు వాడేది నాలుగైదు మైక్రోఫారడ్ల చిన్న డబ్బా. మన మెకానిక్కుల్లో చాలామంది దాన్ని ఇప్పటికీ కండెన్సర్ అనే అంటారు. అదే యూనిట్‌లో వేడిని బయటికి వదిలే పెద్ద కాయిల్ పేరు కూడా కండెన్సరే కావడంతో ‘కండెన్సర్ పోయింది’ అన్న ఒక్క మాటకు వందల రూపాయల అర్థమూ ఉంది, వేల రూపాయల అర్థమూ ఉంది. ఇన్వర్టర్ ఏసీల్లో చాలావాటికి బీఎల్‌డీసీ మోటారు ఉంటుంది. దానికి ఈ కెపాసిటర్ బదులు సర్క్యూట్ బోర్డు తోడుంటుంది. వాటి మరమ్మతు వేరు, నేను చెప్పబోయే తర్కం మాత్రం వాటికీ వర్తిస్తుంది.

అసలు వేడిగా ఉండటమే దోషమా? ముందు ఇక్కడే పొరపాటు పడతాం. అరవై డిగ్రీల వేడెక్కిన ఇనుము మీద ఎవరి చెయ్యీ నిలవదు. మోటారు వైండింగ్ ఇన్సులేషన్‌ను మాత్రం క్లాస్ బి అయితే 130 డిగ్రీల దాకా, క్లాస్ ఎఫ్ అయితే 155 దాకా ఓర్చుకునేలా తయారుచేస్తారు. అంటే మన అరచేతికి భరించరానిది మోటారుకు మామూలు పనిదినం. ‘అమ్మో, కాలిపోతోంది’ అన్న మాట మన చర్మం గురించిన సమాచారమే గాని మోటారు గురించినది కాదు. మనుషుల విషయంలోనూ అంతే, ఎదుటివాడి కష్టాన్ని మన అరచేత్తో కొలిచి లెక్కకడతాం. అలాగని వేడిని పట్టించుకోనక్కర్లేదనీ కాదు. ఇన్సులేషన్ ఓర్చుకోవలసిన వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారుగా సగానికి పడిపోతుందని ఇంజినీర్లు వాడే లెక్క ఒకటుంది. మోటార్లను సాధారణంగా చుట్టూ 40 డిగ్రీల గాలి ఉంటుందన్న అంచనాతో తయారుచేస్తారు. రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండ 45 దాటిన రోజున ఆ అంచనా పొద్దున పదకొండుకే తప్పిపోతుంది. పైగా స్ప్లిట్ యూనిట్‌లో మోటారు కూర్చునేది కాయిల్‌కూ ఫ్యాన్ రెక్కలకూ మధ్య. గది వేడినంతా కాయిల్ దగ్గర మూటగట్టుకుని వచ్చే గాలే దాని ఒంటిని తడుముతుంది. దానికి వేరే చల్లగాలి లేదు.

ఇక ఈ వేడి హద్దు మీరడానికి కారణాలు వెతికితే చాలా తేలతాయి, అవి ఎక్కడెక్కడో ఉంటాయి. కెపాసిటర్ సంగతే చూడండి. లోహపు పూత పూసిన పల్చటి ప్లాస్టిక్ పొరలను చుట్టి దాన్ని చేస్తారు. పొరలో ఎక్కడైనా చిన్న లోపం వచ్చి షార్ట్ అయితే అక్కడి లోహం ఆవిరైపోయి, గాయం తనంతట తానే మానుతుంది. గాయం మానిన ప్రతిసారీ కొంచెం శక్తి తగ్గుతుంది. కొన్ని వేసవులు గడిచేసరికి ఐదు మైక్రోఫారడ్ల డబ్బా నాలుగుకో మూడున్నరకో దిగుతుంది. పైకి ఉబ్బకపోవచ్చు, చమురు కారకపోవచ్చు, చూడ్డానికి కొత్తదానిలానే ఉండొచ్చు. మోటారు మాత్రం చాలినంత బలం లేక ఈడ్చుకుంటూ తిరుగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది. పైగా ఆ మోటారును చల్లార్చే గాలి అది తిప్పే రెక్కల నుంచే రావాలి. నెమ్మదిస్తే గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ ఇంకా నీరసిస్తుంది. ఈ వలయంలో ఫలితమే మళ్లీ కారణమై కూర్చుంటుంది. లేదా, కాయిల్ రెక్కల మధ్య రెండేళ్ల దుమ్మూ, పావురాల ఈకలూ, బట్టల నూగూ పేరుకుని గాలికి దారి లేకపోవచ్చు. సాయంత్రం వీధంతా ఏసీలు వేసేసరికి ఓల్టేజీ పడిపోయి ఉండొచ్చు. బేరింగ్‌లో కందెన ఎండిపోయి ఉండొచ్చు. పాతది పోయినప్పుడు ఎవరో వేరే వేగం మోటారునో, వాలు తేడాగా ఉన్న రెక్కలనో బిగించి వెళ్లి ఉండొచ్చు. అపార్ట్‌మెంట్లలో ఇంకో విశేషం: ఇరుకైన సందులో, వెంటిలేషన్ కోసం వదిలిన బావి లాంటి ఖాళీలో ఐదంతస్తుల యూనిట్లనూ ఒకదాని మీద ఒకటి బిగిస్తారు. కింది ఇంటివాళ్లు వదిలిన వేడిగాలినే పై ఇంటి యూనిట్ పీల్చుకుంటుంది. ఐదో అంతస్తు మోటారు కాలిందంటే నాలుగు ఇళ్ల చల్లదనం దానికి ఖర్చు రాసిందన్నమాట. ఈ చివరి ఉదాహరణ దగ్గరికి తర్వాత మళ్లీ వస్తాను.

ఇన్నిట్లో ‘కారణం’ అన్న పేరు దేనికివ్వాలి? తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో పిల్లల కోసం రాసిన తర్కసంగ్రహంతో మొదలుపెట్టి, న్యాయశాస్త్రం చదివినవాళ్లందరికీ తెలిసిన నిర్వచనం ఒకటుంది. కారణమనేది కార్యానికి ముందు తప్పనిసరిగా ఉండాలి. ఉన్నంత మాత్రాన చాలదు, ఆ కార్యంలో దానికి వేరే విధంగా లెక్క తేలిపోకూడదు. ఈ రెండో షరతే అసలు పదును. కుండ తయారయ్యే ముందు మట్టి మోసిన గాడిద అక్కడే ఉంది. అయినా కుండకు గాడిద కారణం కాదు, మట్టిని మనిషి మోసినా కుండ వస్తుంది. చక్రం తిప్పే కర్రకు ఒక రంగు ఉంది. రంగు కారణం కాదు, కర్ర కారణం. కుమ్మరి తండ్రి లేకపోతే కుమ్మరి లేడు, నిజమే. కానీ కుండ లెక్కలో తండ్రి రాడు, కుమ్మరిగా కొడుకు దగ్గరే ఆ లెక్క ఆగిపోతుంది. ఇలాంటివాటిని అన్యథాసిద్ధాలన్నారు. డాబా మీద ఇలాంటి గాడిదలు బోలెడు. మోటారు ఆగిన రోజే పిడుగు పడింది, ముందురోజే గ్యాస్ నింపారు, నెలక్రితమే స్టెబిలైజర్ మార్చారు. ప్రతిదీ ముందు ఉన్నదే, ప్రతిదానికీ ఇంట్లో ఒక వకీలు ఉంటాడు.

వీటిని జల్లెడ పట్టడానికి తార్కికులిచ్చిన సాధనం అన్వయ వ్యతిరేకాలు. అది ఉంటే ఇది ఉందా, అది లేకపోతే ఇది లేదా అని రెండు వైపుల నుంచీ అడగడం. మంచి మెకానిక్ ఆ పేరు తెలియకుండానే ఆ పనే చేస్తాడు. మెయిన్ ఆపి, కెపాసిటర్‌లో నిలిచిన ఛార్జీని వదిలించి, ముందు రెక్కను వేలితో తిప్పి చూస్తాడు. సులువుగా నాలుగు చుట్లు తిరిగితే బేరింగ్ నిర్దోషి. గరగరమంటూ వెంటనే ఆగిపోతే దాని మీద అనుమానం బలపడుతుంది. తర్వాత కెపాసిటర్ విప్పి మీటరుతో కొలిచి, డబ్బా మీద అచ్చయిన అంకెతో పోలుస్తాడు. కాయిల్ శుభ్రంగా ఉందా, గోడకూ యూనిట్‌కూ మధ్య గాలి ఆడుతోందా చూస్తాడు. కరెంటు పెట్టాక ఓల్టేజీ చూసి, క్లాంప్ మీటరుతో మోటారు తీసుకుంటున్న ఆంపియర్లు కొలిచి, నేమ్ ప్లేటు మీది అంకెతో సరిచూస్తాడు. అన్నిటికంటే ముఖ్యం, ఒకసారికి ఒక్కటే మారుస్తాడు. తొందరపడేవాడు మోటారుతో పాటు కెపాసిటర్‌నూ మార్చి, పనిలో పనిగా కాయిల్‌ను నీళ్లతో కడిగి, ‘చూశారా, మోటారు మార్చగానే ఎలా తిరుగుతోందో’ అంటాడు. మూడు మార్చి ఒకదానికి పేరు పెట్టాడు. కొత్త మోటారుతో కొత్త కెపాసిటర్ వేయడం మంచి అలవాటే, మరమ్మతుగా దాన్ని తప్పుపట్టను. నిరూపణగా మాత్రం అది పనికిరాదు. పాత మోటారుకే ఆ కెపాసిటర్ తగిలించి, కడిగిన కాయిల్‌తో నడిపి చూసి ఉంటే ఏమయ్యేదో ఇక ఎప్పటికీ తెలియదు. అప్పటికే అది పాత ఇనుము కొట్టుకు వెళ్లిపోయి ఉంటుంది.

పొగను బట్టి నిప్పును ఊహించడం సరైన అనుమానమనీ, నిప్పును బట్టి పొగను ఊహించడం తప్పనీ తర్కశాస్త్రంలో తొలి పాఠాల్లోనే చెబుతారు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చి కట్టె కూడా తోడవ్వాలి. అలాంటి అదనపు షరతును ఉపాధి అంటారు. మోటారు వేడి నుంచి మోటారు దోషానికి వెళ్లే దారిలోనూ ఇలాంటి ఉపాధి ఉంది. మిగతా సామగ్రి అంతా సరిగ్గా ఉండి కూడా వేడెక్కితేనే మోటారును అనాలి. ఆ షరతు తేల్చకుండా ఇచ్చే తీర్పు వ్యభిచరించే హేతువు మీద, అంటే దోషం లేనిచోట కూడా కనిపించే గుర్తు మీద నిలబడ్డ తీర్పు. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. బేరింగ్ నిజంగానే ఎండిపోయి ఉండొచ్చు, వైండింగ్‌లో చుట్ల మధ్య షార్ట్ వచ్చి ఉండొచ్చు. అప్పుడు మోటారే దోషి, సందేహం లేదు. కానీ దాన్ని దోషిగా నిలబెట్టింది రెక్క తిప్పిన వేలూ, కొలిచిన మీటరూను. దాని వేడి కాదు.

మోటారు ఆగి, చల్లారి, మళ్లీ తిరగడం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అందులో పాత వివాదం ఒకటి దాగి ఉంది. చాలా మోటార్ల వైండింగ్‌లో ఒక చిన్న ఉష్ణ రక్షకం ఉంటుంది. వేడి హద్దు దాటగానే అందులోని లోహపు బిళ్ల వంగి కరెంటును తెంచుతుంది. చల్లారాక మళ్లీ కలుపుతుంది. ఆ అరగంటా కరెంటు ఉంది, వైండింగ్ ఉంది, కెపాసిటర్ ఉంది, అయినా ఫ్యాన్ తిరగదు. నిప్పు ఉన్నా మణిమంత్రాల ప్రభావం వల్ల చెయ్యి కాలని సందర్భాన్ని ఊహించి మీమాంసకులూ నైయాయికులూ దీని మీదే వాదులాడుకున్నారు. మణి నిప్పులోని దహనశక్తిని పోగొట్టిందన్నారు మీమాంసకులు. శక్తి అనే కొత్త పదార్థం అక్కర్లేదు, ప్రతిబంధకం లేకపోవడం కూడా కారణసామగ్రిలో ఒక భాగమేనన్నారు నైయాయికులు. ఫ్యాన్ విషయంలో నేను నైయాయికుల పక్షం. ఆగిన మోటారులో శక్తి చావలేదు, అడ్డు పడింది. ఆ అడ్డు కూడా దాన్ని కాపాడటానికే. చల్లారాక తిరగడమే ఇందుకు సాక్ష్యం. ఆగడాన్ని చచ్చిపోవడంగా చదివేవాడు రక్షకాన్ని రోగమనుకుంటున్నాడు. ఎండలో పనిచేసే కూలీ మధ్యాహ్నం చెట్టు నీడకు చేరితే సోమరి అనేవాడిదీ ఇదే చదువు.

ఇప్పుడు కర్మ దగ్గరికి వద్దాం. మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథ ఉంది. మౌనవ్రతంలో ఉన్న ముని ఆశ్రమంలో దొంగలు సొమ్ము దాచి తామూ దాక్కుంటారు. రాజభటులు వచ్చి అడిగితే ముని పలకడు. సొమ్ము అక్కడ దొరికింది గనక ఈయనా దొంగేనని తేల్చి శూలానికెక్కిస్తారు. మోటారు మీద చెయ్యి పెట్టిన తర్కమే ఇది, ఎక్కడ దొరికితే అక్కడే దోషం. ముని చావడు. రాజు తప్పు తెలుసుకుని క్షమాపణ అడుగుతాడు, ముని క్షమిస్తాడు కూడా. కథ అక్కడితో ఆగితే తొందరపాటు తీర్పుల గురించిన నీతికథ అయ్యేది. కానీ మాండవ్యుడు ధర్మదేవత దగ్గరికే వెళ్లి, ఏ తప్పుకు నాకీ శిక్ష అని నిలదీస్తాడు. చిన్నప్పుడు పురుగులను గడ్డిపరకతో గుచ్చావు, దాని ఫలితమిది అంటాడు ధర్ముడు. అంత చిన్నదానికి ఇంత పెద్దదా అని కోపించి, నువ్వు శూద్రయోనిలో పుట్టు అని ముని శపిస్తాడు. ఆ ధర్ముడే విదురుడవుతాడు. ఇకపై పద్నాలుగేళ్లలోపు చేసినది పాపంగా లెక్కకు రాదని ముని హద్దు కూడా పెడతాడు. శాపంలో కులం అవమానంగా రావడం మనకు రుచించకపోవచ్చు, రుచించకూడదు కూడా. నేను పట్టుకునేది మరో సంగతి. కర్మలెక్క రాసే దేవుడి నోటి నుంచే వచ్చిన కారణాన్ని ఒక బాధితుడు ఒప్పుకోకపోవడాన్ని ఇతిహాసం తప్పుగా చూడలేదు. అతని అభ్యంతరం నెగ్గింది, చట్టం మారింది. ధర్ముడు చెప్పిన కారణాన్నే ప్రశ్నించవచ్చునంటే, వరండాలో కూర్చుని మనం చెప్పే కారణం సంగతి వేరే చెప్పాలా?

యంత్రానికీ మనిషికీ పోలికేమిటని అడగవచ్చు. మోటారుకు అంతరాత్మ లేదు, పూర్వజన్మ లేదు. మనిషి విషయంలో కంటికి కనిపించని అదృష్టం, అంటే పుణ్యపాపాల జమాఖర్చు, ఉంది. మీటరుకు అందనంత మాత్రాన అది లేదనలేం. ఈ అభ్యంతరం బలమైనదే. నేను కర్మ లేదని వాదించడం లేదు, ఆ తగవు ఇక్కడ తేలేదీ కాదు. అదృష్టాన్ని ఒప్పుకున్న నైయాయికులే దాన్ని ఎక్కడ కూర్చోబెట్టారో చూడమంటున్నాను. ఈశ్వరుడు, కాలం, దిక్కులతో పాటు అదృష్టాన్ని సాధారణ కారణాల్లో చేర్చారు. అంటే పుట్టే ప్రతి కార్యానికీ అది కారణమే, కుండకూ బట్టకూ జ్వరానికీ పెళ్లికీ. అన్నిటికీ సమానంగా కారణమైనది ఫలానా దానికే ఎందుకిలా జరిగిందన్న ప్రశ్నకు జవాబు కాలేదు. ఫ్యాన్ ఎందుకు ఆగిందని అడిగితే ‘కాలం వల్ల’ అనడం అబద్ధం కాదు. ఆ జవాబుతో ఒక్క స్క్రూ కూడా విప్పలేం. ‘కర్మ వల్ల’ అన్నదీ అంతే. అది నిజమైనా విశేష కారణాన్ని వెతికే పనిని తప్పించదు. బుద్ధుడు ఈ విషయంలో ఇంకా తెగేసి చెప్పాడు. సంయుత్త నికాయంలో మోళియసీవకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనంటారు కొందరు, మీరేమంటారని అడుగుతాడు. పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, మూడూ కలిసినందువల్ల, రుతువు మారడం వల్ల, జాగ్రత్త తప్పడం వల్ల, ఎవరో దాడి చేయడం వల్ల కూడా బాధలు పుడతాయని చెప్పి, బుద్ధుడు కర్మఫలాన్ని ఎనిమిదోదిగా లెక్కిస్తాడు. అన్నిటికీ అదే కారణమనేవాళ్లు తమ అనుభవాన్నీ, లోకం ఎరిగిన సత్యాన్నీ దాటిపోతున్నారని తేల్చాడు. కర్మను నమ్మిన బుద్ధుడే ఇలా అన్నాడన్నది గమనించాలి.

మోటారుకు అంతరాత్మ లేదన్న మాట అసలు నా పక్షానికే బలం. అంతరాత్మ ఉన్నచోట నిందకు నొప్పి ఉంటుంది. నొప్పి తగలని ఇనుప ముక్కను దోషి అనడానికే ఇన్ని పరీక్షలు అవసరమైతే, నొచ్చుకునే మనిషిని అనడానికి ఇంకెన్ని కావాలి? మనం చేసేది దీనికి తలకిందులు.

మరి కర్మభావన జనానికి ఓదార్పు ఇవ్వడం లేదా, దాన్ని ఎందుకు లాక్కోవాలని ఇంకొకరు అడగొచ్చు. ఇక్కడ వ్యాకరణం తేడా ఒకటి చూడాలి. ‘నా కర్మ’ అని ఒక మనిషి తన గురించి తానే అనుకుంటే అది తీర్పు కాదు. జరిగినదాన్ని మింగి, మిగిలిన పనికి లేవడానికి చేసుకునే ప్రయత్నం అది. దాన్ని కాదనే హక్కు నాకు లేదు. ‘వాడి కర్మ’ అన్నప్పుడు మాట అదే, పని వేరు. అక్కడ విచారణ మూసేస్తున్నాం. చాలాసార్లు మన బాధ్యతను కూడా మూసేస్తున్నాం. 1934 జనవరిలో బిహార్ భూకంపం వేలమందిని బలి తీసుకున్నప్పుడు, అది అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అని గాంధీ అన్నారు. అంటరానితనాన్ని గాంధీ అంతగానే ద్వేషించిన రవీంద్రనాథ్ టాగోర్ దీన్ని బహిరంగంగా ఖండించారు. ఆ ఖండనను గాంధీ తన హరిజన్ పత్రికలోనే అచ్చువేసి జవాబు రాశారు. ఇద్దరూ తలపెట్టిన మేలు ఒక్కటే. ఉద్దేశం ఎంత పవిత్రమైనదైనా అనుమానం పవిత్రం కాదన్నది టాగోర్ పట్టు. గాంధీ చెప్పిన లెక్క ప్రకారం శిక్ష పడవలసినవాళ్లు అంటరానితనం పాటించేవాళ్లు. కూలిన గోడలు ఎవరి గోడలో చూడలేదు, పాటించినవాళ్ల మీదా పడ్డాయి, దాన్ని భరించినవాళ్ల మీదా పడ్డాయి. వ్యతిరేకం దగ్గర ఆ హేతువు నిలవదు. టాగోరే సరి అని నా అభిప్రాయం.

అయితే కారణాన్ని ఇలా పదిమందికీ పంచుతూ పోతే చివరికి ఎవరూ బాధ్యులు కారు కదా? కెపాసిటర్ నీరసానికి ఎండ, ఎండకు సూర్యుడు, యూనిట్ ఇరుకులో పెట్టడానికి బిల్డరు, బిల్డరుకు భూమి ధర. ఇలా పోతే అంతు లేదు. కుమ్మరి తండ్రి ఉపయోగపడేది ఇక్కడే. ఏ ఒక్కదాన్ని మారిస్తే ఫలితం మారుతుందో, మార్చడం ఎవరి చేతిలో ఉందో అక్కడ లెక్క ఆగాలి. సూర్యుణ్ణి మార్చలేం, కెపాసిటర్‌ను మార్చగలం, యూనిట్‌ను గోడకు అడుగు దూరం జరపగలం, కాయిల్‌ను ఏటా వేసవికి ముందు కడిగించగలం. దోషం పంచినంత మాత్రాన బాధ్యత పోదు, చిరునామా మారుతుంది. మోటారు భుజం మీంచి దిగి, చూసి కూడా ఊరుకున్న ఇంటి యజమాని దగ్గరికీ, సందులో ఐదు యూనిట్లు బిగించినవాడి దగ్గరికీ వెళ్తుంది. అందుకే ‘వాడి కర్మ’ అన్న మాట అంత సుఖంగా ఉంటుంది, బిల్లు మన ఇంటికి రాదు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం కూడా ప్రతి పనికీ ఐదు కారణాలు లెక్కగట్టి, కర్తను అందులో ఒకడిగానే పెట్టింది. దైవాన్ని ఐదోదిగా చివర ఉంచింది. మనం మిగతా వాటిని వదిలి ఐదోదానితోనే మొదలుపెడతాం.

ఐదో అంతస్తు మోటారు దగ్గరికి మళ్లీ వస్తానన్నాను. దాన్ని ఎంత పరీక్షించినా దాని లోపల ఏ లోపమూ దొరకదు. కెపాసిటర్ సరిగ్గానే ఉంటుంది, బేరింగ్ మెత్తగా తిరుగుతుంది. దాని వేడి కింది నాలుగు ఇళ్లది. ఎవరి ఖాతాలో జమ ఎవరిదో, ఎవరి ఖర్చు ఎవరికో విడదీయలేని ఇలాంటి చోట ‘చేసుకున్నవారికి చేసుకున్నంత’ అన్న సామెత గణితంగా కూడా తప్పుతుంది. 2015 మే నెల ఎండలకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వేయిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ముసలివాళ్లు, ఎండన పడి పనిచేయక తప్పని కూలీలు ఎక్కువ. ‘అంత ఎండలో ఎందుకు తిరిగాడు’ అన్న ప్రశ్న అప్పుడూ వినిపించింది. నీడ ఎక్కడుంది, నీళ్లు ఎవరిచ్చారు, పని గంటలు ఎవరు పెట్టారు, మధ్యాహ్నం ఆగితే కూలి కోసేది ఎవరు అన్నవి ఆ తర్వాతగాని రాలేదు. ఒంటికి కూడా ఉష్ణ రక్షకం ఉంది, అలసట దాని పేరు. అది తెంచిన కరెంటును ఆకలి బలవంతంగా మళ్లీ కలుపుతుంది.

ఈ వేసవిలో మీ డాబా మీది ఫ్యాన్ ఆగితే, మోటారును రీవైండింగ్‌కు పంపే ముందు మెయిన్ ఆపించండి. కెపాసిటర్‌ను మీరు ముట్టుకోవద్దు, కరెంటు తీసేసినా అందులో షాక్ కొట్టేంత ఛార్జీ మిగిలి ఉండొచ్చు. మెకానిక్ చేతే దాన్ని విప్పించి, మీటరు మీద వచ్చిన అంకెనూ డబ్బా మీది అంకెనూ మీ ముందే పోల్చమనండి. డబ్బా మీద సాధారణంగా ఐదు శాతం అటూ ఇటూ అని రాసి ఉంటుంది. పది శాతానికి మించి తగ్గితే ముందు అదొక్కటే మార్పించి ఒక మధ్యాహ్నం నడిపి చూడండి.